పాత గిటారుకు బొత్తాము బిగించుట తగునా?



తనదే అయిన వస్తువునకు ఒక చిన్న రంధ్రము చేసికొనుటకు మనిషి ఎవరినైనను సెలవడుగవలెనా? ఇంటి గోడకు మేకు కొట్టునప్పుడు మనము ఎవరిని అడుగుదుము? ఎద్దుకు ముక్కుతాడు వేయునప్పుడు ఎద్దును, ఆడపిల్ల చెవులు కుట్టించునప్పుడు పిల్లను అడిగినవారు ఎవరును లేరు. అట్లుండగా, ఒక కొయ్య వాద్యమునకు పెన్సిలు మొనంత రంధ్రము చేయవచ్చునా కూడదా అని పెద్దవారు వాదులాడుకొనుచున్నారనిన మీకు నవ్వు రావచ్చును. నాకును మొదట నవ్వే వచ్చెను. ఆలోచించినకొలది ఆ నవ్వు తగ్గిపోయెను. ఆ ప్రశ్ననే ఈ నెల మీ ముందుంచుచున్నాను.

మన ఊళ్లలో ఇప్పుడు గిటారును ఎరుగనివారు తక్కువ. యౌవనస్థులు దానిని పట్టీతో భుజమునకు తగిలించుకొని, నిలువబడి వాయించుట మీరు చూచియేయున్నారు. ఆ పట్టీ కొనలు రెండు చిన్న బొత్తాములకు తగిలియుండును. ఒక బొత్తాము గిటారు అడుగున ఉండును. రెండవది, గిటారు మెడ వచ్చి డొల్లతో కలియుచోట, మడమ అను భాగమునందుండును. చొక్కా గుండీ కాజాలో దూరినట్లు ఇవి పట్టీ కొననున్న చీలికలో దూరును. గిటారు బరువంతయు వీటిమీదనే వ్రేలాడును. నేడు అంగడిలో కొను ఎలెక్ట్రిక్ గిటారులకు ఈ రెండు బొత్తాములను చేసినవారే బిగించి ఇచ్చుచున్నారు గనుక, వాటిని గూర్చి చెప్పవలసినదేమియు లేదు.

వాదమంతయు పాత గిటారులను గూర్చినది. అందులోను అమెరికా దేశమందు ఆర్చ్‌టాప్ అని పిలువబడు జాతిని గూర్చినది. సామాన్యపు గిటారు ముఖము పీటవలె చదునుగా ఉండును. ఆర్చ్‌టాప్ ముఖమైతే ఫిడేలు ముఖమువలె నడుమ ఉబ్బి అంచులకు వాలియుండును. మేలైన వాటిలో ఆ ఉబ్బు చెక్కను వంచి తెచ్చినది కాదు. మందమైన పలకను తీసికొని, లోపలి వైపును వెలుపలి వైపును ఉలితోను చిన్న చిత్రికతోను కొంచెము కొంచెముగా తొలిచి తెచ్చినది. ముఖమునకు స్ప్రూస్ అను చలిదేశపు చెట్టు కర్ర, వెనుకకును ప్రక్కలకును మేపుల్ కర్ర వాడుదురు. ఫిడేలుకున్నట్టి రెండు వంకర రంధ్రములు ముఖమునకు ఇరువైపుల ఉండును. తంత్రులు ముఖమునకు అంటియుండవు. అడుగు అంచునకు బిగించిన తోకపట్టీ అను లోహపు ముక్కలో వాటి కొనలు చిక్కియుండును.

ఈ జాతికి పుట్టినిల్లు మిచిగన్ రాష్ట్రములోని కలమజూ పట్టణము. అచ్చట ఆర్విల్ గిబ్సన్ అను పనివాడు ఫిడేలును తొలుచు పద్ధతిని మాండొలిన్‌కును గిటారునకును పట్టించెను. అట్లు చేసిన మాండొలిన్‌కు 1898లో పేటెంటు పొందెను. 1902లో ఆయన పేరట ఒక కంపెనీ ఏర్పడెను. 1922లో ఆ కంపెనీవారు ఎల్-5 అను గిటారును వెలువరించిరి. లాయిడ్ లోర్ అను వాద్యకారుని ఆలోచన దాని వెనుకనుండెను. న్యూయార్కు నగరములో జాన్ డి ఆంజెలికో అను మరియొకడు చిన్న దుకాణములో తన చేతితోను ఒకరిద్దరు సహాయకుల చేతితోను, 1964లో చనిపోవువరకు, వెయ్యికి పైచిలుకు గిటారులను తొలిచి తీర్చెను. ఆయనతోకూడ ఆ చేయియు పోయినది. ఇక ఆయన చేసిన గిటారు ఒకటి చెడినయెడల ఒకటి తగ్గునే గాని మరియొకటి పుట్టదు.

ఇంతటి పనివారు రెండవ బొత్తామును ఎందుకు మరచిరి? వారు మరువలేదు. ఆనాడు దాని అవసరము లేదు. 1920లలోను 1930లలోను నాట్యశాలల వాద్యబృందములవారు కుర్చీలలో వరుసగా కూర్చుండి వాయించెడివారు. బాకాల నడుమ, డోళ్ల నడుమ, మైకు లేకయే వినబడవలెనని ఆర్చ్‌టాపునకు ఆ గట్టి కంఠము ఇచ్చిరి. కౌంట్ బేసీ బృందములో ఫ్రెడ్డీ గ్రీన్ 1937 మొదలుకొని 1987లో చనిపోవువరకు, సుమారు 50 ఏండ్లు, కుర్చీలో కూర్చుండియే గిటారు మీద తాళము కాచెను. కాబట్టి పాత ఆర్చ్‌టాపులలో పెక్కింటికి అడుగున ఒక బిరడ మాత్రమే కలదు. నిలువబడి వాయింపగోరినవారు పట్టీ రెండవ కొనకు ఒక తోలుతాడు కట్టి, దానిని మెడ పైకొనను, బిరడల పలక క్రిందుగా, తంత్రుల అడుగునుండి తీసి ముడివేసికొనెడివారు.

ఇప్పుడు ఒక మనుష్యుని తలంచుకొనుడి. అతని తాత 1930లలో కొనిన ఆర్చ్‌టాప్ అతనికి వచ్చినది. తాత కూర్చుండి వాయించెను. మనుమడు నిలువబడి పాడుచు వాయించవలసినవాడు. అడుగు బిరడ వదులైనది. రెండుసార్లు ఊడి చేతికి వచ్చినది. మడమకు బొత్తాము లేదు. అతడు బర్మా చేతబట్టి నిలువబడియున్నాడు. ఒక స్నేహితుడు, "నీ గిటారు, నీ ఇష్టము, తొలువు" అనుచున్నాడు. మరియొకడు, "తొలిచితివా, తాతకు ద్రోహము చేసితివి" అనుచున్నాడు. ఎవని మాట వినవలెను?

మొదట అడుగు బిరడ సంగతి చూతము. అది సులభము, మరియు దానిలోనే అసలు సంగతి దాగియున్నది. బిరడ ఒక కొనను లావుగా, రెండవ కొనను సన్నముగా ఉండును. రంధ్రమును అదే వాలున తొలువబడియుండును. లోపల ఒక గట్టి కొయ్య దిమ్మ కలదు. బిరడ దానిలో దిగి, కొయ్యకు కొయ్య ఒరసికొని నిలుచును. మరచీల లేదు, జిగురు లేదు. ఫిడేలు బిరడలు నిలుచుటయు ఇట్లే. వాటికి 30 మిల్లీమీటర్ల పొడవున ఒక మిల్లీమీటరు మాత్రమే సన్నబడు వాలుండును. మన గొడ్డలి కామ పిడిలో నిలుచునది కూడ ఇంచుమించు ఈ ధర్మముచేతనే. ఎండాకాలమున కామ ఎండి వదులగును. రైతు దానిని రాత్రి నీళ్లలో పడవేయును. తెల్లవారుసరికి ఉబ్బి బిగియును. గిటారును నీళ్లలో వేయలేము గదా! చలిదేశములలో చలికాలమంతయు ఇండ్లను వేడిచేయుదురు. ఆ పొడిగాలికి కర్ర ముడుచుకొని బిరడ వదులగును. దానికి తోడు పట్టీ ఎల్లప్పుడు ఒకే వైపునకు లాగుటచేత గుండ్రని రంధ్రము కోలగా మారును.

తెలిసిన పనివాడు మొదట బిరడను ముట్టుకొనడు. తంత్రులను వదులు చేయును. ఎందుకనగా, బిగించిన తంత్రుల లాగుడు మొత్తము మీద సుమారు 70 కిలోలుండును. పెక్కు పాత గిటారులలో ఆ బిరడ తోకపట్టీ గుండ దూరి దానిని పట్టుకొనుటలో పాలుపంచుకొనుచున్నది. లాగుడు ఉండగానే బిరడ పీకువాడు పశువు లాగుచుండగా గుంజను పెరుకువానితో సమానుడు. ఇంకొక సంగతి. ఆర్చ్‌టాపునందు తంత్రులను మోయు గుర్రము ముఖమునకు అంటించబడినది కాదు. తంత్రుల నొక్కుడుచేతనే నిలిచియుండును. తంత్రులన్నియు తీసివేసినయెడల అది స్థలము తప్పును. మరల సరిగా పెట్టకపోయిన శ్రుతి కుదరదు. అందుచేత దాని పాదముల చుట్టు గుర్తు పెట్టుకొనవలెను.

అటుపిమ్మట బిరడను తీసి చూడవలెను. ఎక్కడ ఒరసికొనుచున్నదో అక్కడ అది మెరయును. సుద్దముక్క రుద్ది, రంధ్రములో పెట్టి ఒకసారి త్రిప్పి తీసినయెడల ఇంకను స్పష్టముగా తెలియును. ఒరపు కొంచెమే తగ్గియున్నయెడల సుద్దయే చాలును. లేదా సన్నని కాగితపు పేలిక చుట్టి దిగగొట్టిన చాలును. ఎక్కువ తగ్గియున్నయెడల కొంచెము లావైన బిరడ చేయించి, రంధ్రమును రీమర్ అను వాలు పనిముట్టుతో రెండు మూడు త్రిప్పులు మాత్రము సరిచేయుదురు. రంధ్రము బొత్తిగా కోలపోయినయెడల, గట్టి కర్రతో వాలుగా చెక్కిన మేకును సరేసుతో దిగగొట్టి, ఆరిన తరువాత క్రొత్త రంధ్రము తొలిచెదరు.

సరేసు అనగా పశువుల చర్మమును కాచి తీసిన జిగురు. దీనిని గూర్చి కొంచెము ఆగి చెప్పవలెను. నేడు అంతకంటె బలమైన జిగురులు చాల కలవు. రెండు పాళ్లు కలిపి రాసిన రాయివలె గట్టిపడునవి కలవు. ఒక చుక్క వేసిన క్షణములో పట్టునవి కలవు. అయినను మంచి పనివాడు పాత వాద్యమునకు సరేసునే కోరును. కారణమేమనగా సరేసు పట్టవలసినంత గట్టిగా పట్టును. వేడియు తేమయు తగిలినయెడల విడుచును. నూరు సంవత్సరముల తరువాత మరియొకడు దానిని విప్పవలసివచ్చిన, కర్ర చీలకుండ విప్పగలడు. ఈ జిగురు ఎంచుకొనుటలోనే, నా తరువాత ఒకడు రానున్నాడు, వాడు నాకంటె బాగుగా ఎరిగినవాడై యుండవచ్చును అను ఒప్పుకోలు కలదు. ఎన్నటికిని ఊడని జిగురు వేయువాడు, ఈ గిటారు విషయములో చివరి మాట నాదే అని చెప్పినట్లగును.

ఈ మాట నేను పుస్తకమునుండి నేర్చినది కాదు. నాకు ఇరువది రెండేండ్లున్నప్పుడు నా తండ్రి ఫిడేలు బిరడ ఒకటి జారుచుండెను. ఆయన దినమునకు పదిసార్లు దానిని బిగించుట చూడలేక, ఆయన ఇంట లేనప్పుడు, క్షణములో అంటుకొను జిగురు రెండు చుక్కలు ఆ రంధ్రములో పోసితిని. బిరడ నిలిచినది. ఎంత బాగుగా నిలిచినదనగా, ఆ తంత్రిని శ్రుతి చేయుటకు మరల ఎవరికిని వీలు లేకపోయినది. తండ్రి వచ్చి త్రిప్పబోయెను, తిరుగలేదు. నా ముఖము చూచి సంగతి గ్రహించెను. ఒక్క మాటయు అనలేదు. బిరడను కోసి, రంధ్రమును మరల తొలిపించునప్పుడు ప్రక్క చెక్క చీలినది. ఆ ఫిడేలు తరువాత మ్రోగినది గాని, ఆ చీలిక మీద వ్రేలు పెట్టకుండ నేను దానిని ఎన్నడును చేతబట్టలేదు. సహాయము చేయుచున్నాననియే తలంచితిని. అది అబద్ధము కాదు. కాని నా సహాయమును ఇతరులు సరిదిద్దుటకు చోటు ఉంచితినా లేదా అని ఆ సమయమున అడిగికొనలేదు.

ఇక మడమ బొత్తాము. ఇది కష్టమైన ప్రశ్న. ఎందుకనగా అడుగు బిరడను పనివాడే పెట్టెను. మనము దానిని నిలుపుచున్నాము. మడమ బొత్తామునైతే పనివాడు పెట్టలేదు. మనము క్రొత్తగా గాయము చేయుచున్నాము. ఆ మడమ గిటారుకు మర్మస్థలము. మెడ డొల్లలో దిగి సరేసుతో అతుకబడియుండునది అక్కడనే. దానిలో గుడ్డిగా మరచీల త్రిప్పినయెడల కర్ర చీలవచ్చును. మడమ మీది సన్నని మూతపలక పగులవచ్చును. చేయదలచినవాడు చీల నడిమి లావుకంటె కొంచెము సన్నని దారిని ముందుగా తొలిచి, చీల మరలకు మైనమో సబ్బో పూసి, మెల్లగా త్రిప్పవలెను. ఇత్తడి చీలయైతే బిగువుకు తల తెగిపోవచ్చును గనుక, ముందు అదే కొలత ఉక్కు చీలతో దారి చేసి, తరువాత ఇత్తడిదానిని పెట్టుదురు. బొత్తాము క్రింద మెత్తని ఉన్ని బిళ్ల వేయుదురు; లేకున్న లోహము వార్నీషును నొక్కి గాటు పెట్టును. పూర్వపు గిటారుల మీది వార్నీషు మరియొకదానికిని ఓర్వదు: రబ్బరు పట్టీ గాని కొన్ని ప్లాస్టికు పట్టీలు గాని చాలకాలము ఆనియుండిన, ఆ పూత మెత్తబడి మరకపడును. తోలు గాని నూలు గాని వాడుటయే మేలు. చీల దారి అరిగి పట్టు తప్పిన సందర్భమున, లావు చీల వేసి రంధ్రమును పెంచుట సోమరివాని పని. గట్టి కర్ర పుల్లలను సరేసులో ముంచి రంధ్రమును నింపి, ఆరిన తరువాత పాత చీలనే త్రిప్పవలెను.

ఇదంతయు ఎట్లు చేయవలెనన్న సంగతి. చేయవచ్చునా అన్నది మిగిలియున్నది.

వద్దనువారి మాట మొదట వినుడి. వారి తలంపులో ఈ వస్తువు మన సొత్తు కాదు. మనము నడుమ కొంతకాలము దానిని కాపాడు గృహనిర్వాహకులము. ముందు ఒక చేయి దీనిని చేసెను, తరువాత ఒక చేయి దీనిని అందుకొనును. నడుమనున్నవాని సౌఖ్యము కొరకు దీనిని ఎందుకు మార్చవలెను? తోలుతాడు కట్టుకొనినయెడల రంధ్రము అక్కరలేదు గదా? ఈ మాటలో బలమున్నది. తాడుతో పని జరుగునప్పుడు తొలుచుట తొందరపాటే అని నేనును ఒప్పుకొందును. నా మట్టుకు నేను మొదట తాడునే కట్టి చూతును.

అయితే ఈ తలంపును కడవరకు లాగినయెడల ఎక్కడికి పోవును? ఇటలీ దేశమందు 1737లో చనిపోయిన స్ట్రాడివరి ఫిడేలులను లోకమంతయు మెచ్చుచున్నది. వాటిలో దాదాపు అన్నిటి మెడలను తరువాతివారు మార్చిరి. 1800 ప్రాంతమునుండి సంగీతశాలలు పెద్దవై, శ్రుతి హెచ్చి, తంత్రుల లాగుడు పెరుగుటచేత, మెడలను పొడిగించి వెనుకకు వంచిరి. లోపలి బద్దెను తీసి బలమైనదానిని పెట్టిరి. నేడు మనము స్ట్రాడివరి నాదమని విని తలయూచునది, ఆయన ఎన్నడును వినని నాదము. ఆ మార్పు ద్రోహమా? ద్రోహమైతే దానిమీదనే రెండు వందల సంవత్సరముల సంగీతము నిలిచియున్నది. మార్పుచేయనివారి పెట్టెలలో ఆ ఫిడేలులు మూగవై యుండెడివి. ముట్టకూడదు అనుట ఎల్లప్పుడు భక్తి కాదు. ఒక్కొక్కసారి అది వస్తువును బ్రతికియుండగానే పాతిపెట్టుట.

మేబెల్ కార్టర్ అను గాయని 1928లో ఎల్-5 గిటారును 275 డాలర్లకు కొనెను. ఆ కాలమున అది పెద్ద సొమ్ము. ఆమె దానిని బీరువాలో దాచలేదు. ఊరూరు త్రిప్పి దశాబ్దములపాటు వాయించెను. అది ఇప్పుడు నాష్‌విల్ పట్టణములో ఒక ప్రదర్శనశాలలో అద్దము వెనుకనున్నది. దానిమీద అరుగుదల ఉన్నందుకు ఎవరును విచారించుట లేదు. ఆ అరుగుదల కొరకే జనులు వచ్చి చూచుచున్నారు. ఇట్టి గిటారుకు ఈ దినమున క్రొత్త రంధ్రము చేయుట మాత్రము తప్పే. ఎందుకనగా దాని పని ముగిసినది; దానిని ఇక ఎవరును నిలువబడి వాయించనక్కరలేదు. కాని మన మనుమని గిటారు పని ముగియలేదు.

ఇంక తొలువుమనువారి మాట. "నాది" అను మాటతో వారు ప్రశ్నను ముగింపజూతురు. పొలము నాది అని రైతు అనును. నిజమే, పత్రము అతని పేరనే యున్నది. అయినను ఒక్క ఏటి పంటకొరకు చేనిపై మన్నంతయు ఇటుకబట్టీకి అమ్ముకొనిన రైతును ఊరు మంచివాడనదు. పత్రము చూపి వాడు నోళ్లు మూయించగలడు. కొడుకు ముఖము చూడలేడు. సొత్తు హక్కు ఇతరులను దూరముంచుటకు ఇచ్చిన హక్కు. మరల తేలేనిదానిని పాడుచేయుటకు అది సమాధానము కాదు.

ఈ ఇరువురిలో ఎవరును తలంచని ఒక సంగతి కలదు. గిటారు పడిపోవుట! మూడు కిలోల ఇంచుమించు బరువుగల వాద్యము, వదులు బిరడ మీద, పాత తోలుతాటి ముడి మీద వ్రేలాడుచున్నది. పాట నడుమ ముడి జారెను. గిటారు నేలకు తలక్రిందుగా పడును. బిరడల పలక మెడతో కలియుచోట కర్ర సన్నముగా ఉండును. పైగా మెడ వంగకుండ లోపల ఇనుపకడ్డీ పెట్టిన గిటారులలో ఆ కడ్డీని సరిచేయుటకు తొలిచిన గుంట సరిగా అక్కడనే యుండును. విరుగునది అక్కడనే. తల విరిగిన గిటారు మరమ్మతువారికి క్రొత్త చూపు కాదు. తాతకు ద్రోహము కూడదని రంధ్రము చేయనివాడు తాత గిటారు తలను విరుగగొట్టుకొనెను. వానిని భక్తిపరుడందుమా? అలక్ష్యము కూడ భక్తి వేషము వేసికొనగలదు. వదులైన బిరడను, "పాతది, అట్లే ఉండనిమ్ము" అని విడుచువాడు పాతదానిని గౌరవించుట లేదు, పని తప్పించుకొనుచున్నాడు.

కాబట్టి బర్మా చేతబట్టి నిలిచిన ఆ మనుమడు నన్నడిగినయెడల ఇట్లందును. అబ్బాయీ, బిరడను ఈ దినమే బాగుచేయించుము. దానికి ఎవరి సెలవును అక్కరలేదు. మడమను ఇప్పుడు ముట్టకుము. మంచి తాడుతో కొన్ని నెలలు వాయించి చూడుము. తాడు నిలిచినయెడల సంతోషము. అది జారుచున్నదనియో, మెడను లాగుచున్నదనియో, నీ చేతికి అడ్డమనియో నిజముగా తేలినయెడల, తెలిసిన పనివానిచేత ఒక్క రంధ్రము, చిన్నది, చేయించుము. నీ చేతితో చేయకుము. ఎలెక్ట్రిక్ తీగ తగిలించుటకు అడుగు బిరడ రంధ్రమును వ్రేలు పట్టునంత పెంచుటకు మాత్రము ఒప్పుకొనకుము. చిన్న రంధ్రమును పుల్లతో పూడ్చవచ్చును; దిమ్మలోనుండి తీసిన కర్రను మరల తేలేము.

అతడు తప్పక ఇంకొక మాట అడుగును: "అయ్యా, వెల తగ్గదా?" తగ్గును. పాత గిటారులు కొనువారు మడమ రంధ్రమును చూచి కొంత తగ్గించి అడుగుదురు. ఈ ప్రశ్న వచ్చినప్పుడే అసలు శోధన మొదలగును. ఎందుకనగా రంధ్రమును పూడ్చి, రంగు కలిపి, వార్నీషు తాకించి, ఏమియు జరుగలేదన్నట్లు చూపగల నేర్పరులున్నారు. ఆ నేర్పును నేను తప్పుపట్టను. 1964లో వెనిస్ నగరమందు పాత కట్టడములను బాగుచేయువారు కూడి ఒక నియమావళి వ్రాసికొనిరి. క్రొత్తగా చేర్చిన భాగము పాతదానితో కుదిరియుండవలెను గాని, చూచువానిని మోసపుచ్చకుండ తేడా తెలియవలెనని అందులో ఒక నియమము కలదు. కట్టడమునకు అది సరి. గిటారు ముఖము మీద అతుకు కొట్టవచ్చినట్లు కనబడవలెనని నేననను. కంటికి కనబడకపోవచ్చును. నోటికి మాత్రము రావలెను. పూడ్చిన రంధ్రమును గూర్చి కొనువాడు అడుగకపోయినను చెప్పవలెను. అడుగలేదు గనుక చెప్పలేదు అనుట సంత బేరములో పశువు పండ్లు అరగదీసి అమ్మువాని మాట. రంధ్రము చేసినవాడు ఒక కర్రకు గాయము చేసెను. దానిని దాచి అమ్మినవాడు మనుష్యునికి చేసెను. మొదటిదానిని గూర్చి ఇన్ని వాదములు నడుపుచు, రెండవదానిని వ్యాపారము క్రింద విడిచిపెట్టుట నాకు వింతగా తోచును.

వెల తగ్గునను భయమునకు నాకు తెలిసిన మందు ఇంకొకటి లేదు. ఆ తగ్గిన సొమ్ము, తాను నిలువబడి పాడిన సంవత్సరములకు చెల్లించిన కిరాయి అని మనుమడు లెక్కవేసికొనవలెను. అది ఎక్కువని తోచినయెడల తాడే కట్టుకొనవచ్చును.

గిటారు పెట్టె మూత లోపల చిన్న అర ఉండును. తంత్రులు, సుద్దముక్క, కాగితములు అందులో వేసికొందురు. లావు బిరడ వేసినప్పుడు తీసివేసిన పాత బిరడను పనివాడు పారవేయకుండ చూచుకొనవలెను. దానిని ఒక గుడ్డముక్కలో చుట్టి, ఎప్పుడు తీసినది, ఎవరు తీసినది, రంధ్రమును ఎంత పెంచినది, ఏ జిగురు వాడినది ఒక చీటీమీద వ్రాసి ఆ అరలో పెట్టవలెను. మడమకు చేసిన రంధ్రము కొలతయు అదే చీటీలో వ్రాయవలెను. సిరాతో వ్రాయుట మంచిది. పెన్సిలు వ్రాత గుడ్డకు రాసుకొని చెరిగిపోవును.